మూడు ఏడుల మాస్టారు

"మళ్లీ బార్లా తెరిచేశారా సార్? అవి రోగుల రిపోర్టులండీ, కరపత్రాలు కావు!" ల్యాబ్ మేడమ్ ఆసుపత్రి సర్వర్ గదిలో నిలబడి కడిగేస్తోంది.

"తెరవకపోతే సేవ్ కావట్లేదని గోల పెట్టింది మీరే కదమ్మా!" అని సర్వర్ల పెద్దాయన నీళ్లు నమిలాడు.

అందరూ ఆయన్ని మూడు ఏడుల మాస్టారు అంటారు. పర్మిషన్ లేదని కంప్యూటర్ మొండికేస్తే చాలు, 777 కొట్టేసి ఆ ఫోల్డర్‌ని ఎవరైనా చదువుకోండి, ఎవరైనా చెరుపుకోండి అని వదిలేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా ప్రతి రోగానికీ అదే మందు. గోడకు మాత్రం పదకొండు సర్టిఫికెట్లు వేలాడుతుంటాయి. ఆ పర్మిషన్ అసలు ఎవరికి కావాలని అడగడం ఒక్కటే ఆయనకు రాదు.

సాయంత్రంలోగా సరిచేయకపోతే సర్వర్లు వేరేవాళ్లకి అప్పగిస్తానని డైరెక్టర్ తేల్చి చెప్పేశాడు. మేడమ్ విసురుగా వెళ్లిపోగానే, కాలేజీ మధ్యలో మానేసి అక్కడే పనికి కుదిరిన మాస్టారి బావమరిది స్క్రీన్ వైపు తొంగిచూశాడు.

"బావా, కంటైనర్ డబ్బా లోపల ల్యాబ్ ప్రోగ్రామ్ వెయ్యో నంబరు యూజర్‌గా నడుస్తోంది. బయట ఫోల్డరేమో రూట్ పేరున, అంటే అడ్మిన్ పేరున ఉంది, అందుకే సేవ్ కావట్లేదు. ఆ నంబరు పేరున రాసేసి, మిగతావాళ్లకి మూసెయ్. అంతే."

మాస్టారు రెండుసార్లు దగ్గి, గుమ్మం వైపు చూశాడు.

"ఒరేయ్, ఆ నంబరు ఎలా కనిపెట్టాలో కాస్త చూపించరా. మీ అక్కతో మాత్రం అనకు."