క్రిస్టో తీసిన వాగ్దాన కార్డు

మా బావ డేవిడ్‌సన్ పాస్టర్ కాదు. కెనడాలోని ఓక్‌విల్‌లో కార్ల ప్లాంటులో తలుపులు బిగించే పని ఆయనది. ఆదివారాలు మాత్రం గంటన్నర డ్రైవ్ చేసుకుని ఒక చిన్న లీగ్ బేస్‌బాల్ జట్టు దగ్గరికి వెళ్లేవాడు. జీతానికి ఆడే ఆ ఆటగాళ్లకు ఆదివారమూ ఆటే, చర్చికి పోయే వీలుండదు. అందుకని ఆటకు ముందు యూనిఫారాలు ఉతికే గదిలో, వాషింగ్ మెషీన్ల మధ్య పావుగంట ప్రార్థన జరిపించేవాడు. వాళ్లు పాస్టర్ అని పిలుస్తుంటే ఆయన ముఖం వెలిగిపోయేది. "నీకు పాస్టర్‌గా ఆర్డినేషన్ ఎప్పుడైంది బావా?" అని ఏడిపించేవాణ్ణి.

నిరుడు మే నెలలో, సీజన్ మొదటి ఆదివారం, మా భీమవరం చర్చి అలవాటొకటి అక్కడికి మోసుకెళ్లాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో అందరం తలా ఒక వాగ్దాన కార్డు తీస్తాం. ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు మనతో చెప్పే మాట అదే. మా అక్క స్వర్ణకుమారి ఇంగ్లీషులో కార్డులు రాసిస్తే బిస్కెట్ డబ్బాలో వేసుకుని పోయాడు.

ఆ కార్డుల్లో హెచ్చరికలూ ఉంటాయి. ఒకసారి అలాంటిది వచ్చి మా అమ్మ నెలరోజులు సరిగ్గా అన్నం తినలేదు. జట్టులో క్రిస్టో అని డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన పిచర్ ఉన్నాడు, అంటే బంతి విసిరేవాడు. కిందటి సీజన్ చివర వరసగా ఓడి దిగాలుపడి ఉన్నాడు. వాడంటే బావకు ప్రాణం. వాడికెక్కడ చెడ్డ వాక్యం వస్తుందోనని, వాడి వంతు రాగానే డబ్బా మార్చేశాడు. ముందే సిద్ధం చేసుకొచ్చిన ఆ రెండో డబ్బాలో ముప్ఫై కార్డులూ ఒకటే. నీ కుడిచెయ్యి పట్టుకుని ఉంటానని దేవుడు చెప్పే వాక్యం.

క్రిస్టో కార్డు చదివి ఏడ్చేశాడు.

"పాస్టర్, నా మోచెయ్యి నొప్పి పెడుతోంది. ట్రైనర్‌కి చెప్పాలా వద్దా అని పొద్దున్నే దేవుణ్ణి అడిగాను. ఇదిగో జవాబు. ఇక చెప్పను."

అందరూ చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. పాస్టర్ అనిపించుకున్న నోరు పెగల్లేదు.

జూన్, జూలైల్లో క్రిస్టో గెలుస్తూనే పోయాడు. కార్డు టోపీ లోపల దాచుకునేవాడు. ఈ ఆదివారం చెప్పేయాలి అనుకుంటూ బావ వెళ్లేవాడు, వాడి నవ్వు చూసి తిరిగొచ్చేసేవాడు. ఆగస్టులో ఒక ఆటలో బంతి విసురుతూ క్రిస్టో కూలబడ్డాడు. మోచేతిలో లిగమెంట్ తెగిపోయింది. నొప్పి మొదలైనప్పుడే చూపించుకుని ఉంటే విశ్రాంతితో సర్దుకునేదని డాక్టర్ అన్నాడట. జట్టు వాణ్ణి రిలీజ్ చేసి పంపేసింది.

వాడు వెళ్లిపోయే రోజు బావ పార్కింగ్ లాట్‌లో కలిశాడు.

"దేవుడు మాట తప్పలేదు పాస్టర్. నా విశ్వాసమే చాల్లేదు," అన్నాడు క్రిస్టో.

ఆ మాట బావ మోయలేకపోయాడు. డబ్బా మార్చిన సంగతంతా చెప్పేశాడు.

క్రిస్టో టోపీ తీశాడు. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అంత సంతోషంగా ఉంటే..."

క్రిస్టో టోపీలోంచి కార్డు తీసి బావ కారు మీద పెట్టాడు. బావ చెయ్యి చాపాడు. క్రిస్టో కుడిచెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. ఎడమచెయ్యి కూడా ఇవ్వలేదు.