తేంగాయ్‌తిట్టు పీతల ముందు నా పాఠం

నెల్లూరులో ఇంటర్ పిల్లలకు పద్దెనిమిదేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. జాతి అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాను. కిందటి వారం హసీనా అనే అమ్మాయి లేచి, "రెండు జాతులు పక్కపక్కనే బతుకుతుంటే, కలవకుండా వాటిని ఎవరు ఆపుతారు సార్?" అంది. 'ప్రత్యుత్పత్తి వివిక్తత' అని బోర్డు మీద రాశాను. "అది పేరు సార్, జవాబు కాదు కదా" అంది. క్లాసంతా ఘొల్లుమంది. నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. సోమవారానికల్లా ఆ జవాబును ఫోన్లో వీడియో తీసి చూపిస్తానని అందరి ముందూ మాటిచ్చేశాను.

శనివారం పొద్దున రైల్లో చెన్నై, అక్కణ్ణించి బస్సులో మూడున్నర గంటలు ప్రయాణించి సాయంత్రానికి పుదుచ్చేరి చేరాను. అక్కడి మడ అడవిలో రెండు జాతుల పీతలు ఒకే బురద మీద బతుకుతాయని ఎప్పుడో చదివాను. వైట్ టౌన్‌లో పద్నాలుగు వందలకు గది దొరికింది. ఆదివారం ఆటు, అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గేది, పదిన్నరకని తెలుసుకుని, తొమ్మిదిన్నరకు ఆటో మాట్లాడుకున్నాను. రానుపోను, ఆగడానికీ కలిపి ఆరు వందలు. నేను ఫోన్లో ఇంటికి మాట్లాడటం విని డ్రైవరు వెనక్కి తిరిగాడు. "తెలుగోళ్లా సార్? మేమూ అంతే. మా తాత కాలంలో వచ్చినాం. మాట్లాడతాం, సదవను రాదు." ఆయన పేరు కె. రంగస్వామి, ఇల్లు ఇందిరా నగర్లో. పావుగంటలో తేంగాయ్‌తిట్టు మడ అడవి పక్కన దించాడు.

నీళ్లు వెనక్కి తగ్గిన బురద మీద బొటనవేలంత పీతలు వందల కొద్దీ ఉన్నాయి. మగపీతకు ఒక డెక్క ఒంటిని మించి పెద్దది, దాన్ని ఊపి ఆడపీతను పిలుస్తుంది. అక్కడ రెండు జాతులు కలిసే ఉన్నాయి. ఎర్ర డెక్క పీతలు దాన్ని పైకీ కిందికీ ఎత్తి దించుతాయి. తెల్ల డెక్క పీతలు పక్కకు చాచి గుండ్రంగా తిప్పుతాయి. ఇదంతా రంగస్వామికి వివరించేసరికి బురద మీద ఒక్క పీత లేదు. కాసేపటికి పైకొచ్చాయి. మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ మాయం. ఇలా గంట పోయింది. పోటు నీళ్లు బురద మీదికి ఎక్కితే ఇక అంతే సంగతులని నాకు చెమటలు పట్టాయి.

"ఏంది సార్, మీరట్లా చెయ్యి ఆడిస్తా ఉంటే అవి యాడ వస్తాయి? క్లాసు ఆపి సుమ్మా, ఊరకే కూచోండి" అన్నాడాయన.

పాఠం చెప్పేటప్పుడు చేతులు తిప్పడం నా అలవాటు. బురదలోనే చతికిలబడి, ఫోన్ మోకాళ్ల మీద ఆనించి, నోరు మూసుకున్నాను. ఇరవై నిమిషాలకు ఒక ఆడపీత వచ్చింది. వీపు మీది మచ్చలను బట్టి అది తెల్ల డెక్క వాటి జాతిదే. ఎర్ర డెక్క మగపీత ఒకటి ఎగిరెగిరి పిలిచింది. ఈమె కనీసం ఆగలేదు. రెండు జానల అవతల ఒక తెల్ల డెక్క గుండ్రంగా తిరిగింది. ఈమె నిలబడిపోయింది, ఆ మగపీత వెనకే బొరియలోకి దిగింది. మరుక్షణం లోపలినుంచి మట్టితో ద్వారం మూసుకుపోయింది. "పట్టేశాం!" అని గంతేశాను. పీతలన్నీ మాయమయ్యాయి. పోతే పోనీ! రంగస్వామి నా బురద చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

తిరుగు బస్సులో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఒకే జాతి రెండు గుంపులై తరతరాలు విడివిడిగా బతికితే, ఎవరి పిలుపు వాళ్లదైపోతుంది. తర్వాత ఒకే బురద మీద కలిసినా, ఒకరి పిలుపుకు ఇంకొకరు పలకరు. కొత్త జాతులు పుట్టే దారుల్లో ఇదొకటి. సోమవారం క్లాసులో వీడియో పెట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా చేతులు కట్టుకు నిలబడ్డాను. హసీనా రెండుసార్లు వేయించుకుని చూసింది. "ఎవరూ ఆపలేదు సార్. అదే పోలేదు" అంది. పద్దెనిమిదేళ్లలో అంతకంటే మంచి జవాబు నేను ఏ పరీక్ష పేపర్లోనూ చూడలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్కటే మాట: ఆటుకు గంట ముందే చేరుకోండి, నాలాంటి మాస్టార్లయితే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి.