పటికబెల్లం నీళ్ళు

పుష్యమాసం పొద్దున తిరువూరు బస్టాండులో అందరూ శాలువాలు కప్పుకుని కూర్చుంటే, నా జాకెట్టు చెమటకు తడిసి ముద్దయింది. నెలసరి ఆగి రెండేళ్ళు. రోజుకు పదిసార్లు గుండెల్లోంచి ఆవిరి లేచి ముఖానికి ఎక్కేది. ఇలా బతకడం ఇక నా వల్ల కాదనిపించేది. వేడి చేసిందని ఇంట్లోవాళ్ళంటే, చలవకని పటికబెల్లం కలిపిన సబ్జా నీళ్ళు సీసాలకు సీసాలు తాగేదాన్ని.

ఆ రోజూ సీసా ఎత్తి తాగుతుంటే పక్కన కూర్చున్న పెద్దావిడ నా చెమటనూ సీసానూ చూసింది.

"నేనూ మూడేళ్ళు ఇవే తాగానండి. పదిహేను కిలోలు పెరిగాను. ఒళ్ళు పెరిగేకొద్దీ ఆవిర్లూ పెరిగాయి. డాక్టరమ్మ చెప్పేదాకా నాకూ తెలీలేదు."

"ఒళ్ళు తగ్గితే పోతాయాండీ?"

"నాకు కొంచెం నెమ్మదించాయి. పూర్తిగా పోలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ చేతిలోని ఆస్పత్రి ఫైలుతో నాకు విసరడం మొదలుపెట్టింది. ఇంతలో ఆవిడ ఎక్కాల్సిన, నెమలి ఊరికి వెళ్ళే బస్సు వచ్చింది.

"పోనియ్ నాయనా, తర్వాతది ఎక్కుతాలే," అని కండక్టరుతో చెప్పి, విసురుతూనే ఉంది.

ఇంట్లో నేను ఫ్యాను వేస్తే, చలేస్తోందని ఎవరో ఒకరు లేచి ఆపేసేవాళ్ళు.