రంగు తప్పిన చెయ్యి

ఊలు పెద్దమ్మ పోయిందని పక్కింటోళ్ల ఫోనుకు కబురొచ్చింది. నేను పోయి విని వచ్చేసరికి అమ్మ వాకిట్ల కూసోని బియ్యం ఏరుతున్నది. సంగతి చెప్పిన. చేతిల చాట పక్కకు పెట్టి, "అయ్యో, నేను చెప్పకముందే పోయిందా" అన్నది. చావు కబురు వింటే ఎవ్వలైనా ఏమైంది, ఎప్పుడు అని అడుగుతరు. అమ్మ అవేవీ అడగలే. లేచి, చీరె మార్చుకొని, చెప్పులేసుకున్నది.

మిర్యాలగూడ నుంచి సూర్యాపేట పోయే బస్సు సగం తొవ్వ దాటింది. అప్పుడు అమ్మ కిటికీ దిక్కు చూసుకుంట, "మీ నాన్న మెరూన్ స్వెట్టర్ చెయ్యి ఆమె తప్పు కాదే. ఆ ఊలు నేనే కోదాడలో కొన్నాను" అన్నది. ఆ మాట మీకు అర్థం కావాల్నంటే ఊలు పెద్దమ్మ ఎసుంటి మనిషో ముందుగాల చెప్పాలె.

మేము సూర్యాపేటల ఉన్నప్పుడు, అంటే ఎనభైలల్ల, బస్టాండు ఎన్క గల్లీల ఒక కిరాయి ఇంటి ముందటి అర్రల ఆమె ఊలు దుకాణం ఉండె. మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ. ఈ ఎండలల్ల ఊలెవ్వలు కొంటరని గల్లీ అంత నవ్వేది. ఆమె మే నెలల కూడ ఒళ్లె ఊలు ఉండ పెట్టుకొని, చెమట తుడ్సుకుంట అల్లేది. పాలకీడు దిక్కు గొర్లు కాసెటోళ్ల ఇంట్ల పుట్టింది. గొంగడి మీద పండి పెరిగినదాన్ని, నాకు ఊలు కొత్తనా అనేది. అల్లిక మాత్రం పెండ్లయినంక పక్కింటి ఉర్దూ మాట్లాడే ఖాలా దగ్గర నేర్చుకున్నదట. అందుకే సూదులను సలాయిలనేది, కుట్లను సీదా, ఉల్టా అనేది. మేము గూడ గట్లనే నేర్చుకున్నం.

ఆమె పిచ్చి చెప్తే ఒడువది. సలాయి కొప్పుల గుచ్చుకొని మర్చిపోయి ఇల్లంత దేవులాడేది. చీరె కొంగుకు ఎప్పుడూ నాలుగు రంగుల పోగులు అంటుకొనే ఉండేటియి. బస్సుల ముందు సీటు పిల్లగాడు స్వెట్టర్ తొడుక్కుంటే, వాళ్ల అమ్మను అడగకుండనే వాని వీపు మీద చెయ్యేసి కుట్లు లెక్కపెట్టేది. చలికాలం ఫుట్‌పాత్ మీద నేపాలోళ్లు స్వెట్టర్లు పోస్తే, కొననే కొనకపోయేది గాని ఒక్కొక్కటి లోపలి దిక్కు తిప్పి చూసేది. వాళ్లకు ఆమెను చూస్తేనే పరేషాన్. "ముందటి దిక్కు అందరు మంచిగనే అల్లుతరు బిడ్డా, ఎన్క తిప్పి సూడు" అని మాకు చెప్పేది.

ఆమెకు దేనిమీదనన్న గర్వం ఉన్నదంటే అది లాట్ మీదనే. ఒక్క తాప రంగుల ముంచిన ఊలంత ఒక లాట్. ముంచినప్పుడల్లా రంగు ఒక్క తీరుగ రాదు. మెరూన్ అని రెండు ఉండలు తెస్తే, ఒక తాప ముంచినదానికీ ఇంకో తాప ముంచినదానికీ జర తేడా ఉంటది. ట్యూబ్‌లైటు కింద తెల్వదు, ఎండల తెలుస్తది. అందుకని ఎవ్వలు ఏ రంగు అడిగినా దర్వాజ దాంక తెచ్చి వెలుతుర్ల చూపిచ్చేది. స్వెట్టర్ మొత్తానికి పట్టే ఉండలు ఒక్క లాట్‌వే తీసి, పాత చీరె పేలికల మూట గట్టి దుకాణం అల్మర మీద పెట్టేది. మనం ముందు అల్లి చూపిచ్చిన అరచెయ్యంత ముక్కను ఆ మూటకు పిన్నుతోటి గుచ్చేది. అదే గుర్తు. ఒక్కొక్క ఉండ అయిపోయినకొద్ది పోయి తెచ్చుకోవాలె. ఎన్ని నెలలైనా ఆ మూట ఇంకొకళ్లకు ఇయ్యకపోయేది. నా దుకాణంల కొన్న ఊలుతోటి అల్లిన స్వెట్టర్ల రంగు తప్పితే నన్నడుగుండ్రి అని ఊరంత చెప్పుకునేది.

మా నాయిన మిర్యాలగూడల ఒక రైసుమిల్లుల గుమాస్తా. వడ్ల లారీలొచ్చే దినాలల్ల చలిల నిలబడి తూకాలు రాయాలె. ఐతారం ఒక్కనాడే ఇంటికొచ్చేటోడు. ఆయనకోసమని అమ్మ మెరూన్ ఊలు మూట గట్టిపిచ్చి మొదలుపెట్టింది. ముందు, ఎన్క అయిపోయినయి. ఒక చెయ్యి గూడ అయింది. దాన్ని చూపిద్దామని దుకాణానికి పట్టుకపోతే, నలుగురు ఆడోళ్లు కూసోని ఉన్నరు. పెద్దమ్మ తిప్పి చూసి, ఒక్క కుట్టు జారిందని, అడగకుండనే సర్రున సగం చెయ్యి ఊడదీసింది. ఆమెకు అందుల తప్పేం కనపడలే, అందరికీ గట్లనే చేసేది. కూసున్నోళ్లు నవ్విండ్రు. అమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి మల్ల అల్లింది గాని, ఇంకో చేతికి ఊలు తెచ్చుకోను ఆ గడప తొక్కలే. కోదాడ పుట్టింటికి పోయినప్పుడు ఆడ ఒక దుకాణంల అదే రంగని కొన్నది. రాత్రి లైటు కింద అదే రంగు లెక్కనే కనవడ్డదట.

నాయిన దాన్ని తొడుక్కొని వాకిట్ల ఎండల నిలబడ్డ పొద్దు నాకు యాదికున్నది. ఒక చెయ్యి మెరూన్, ఇంకో చెయ్యి ఇటిక రంగు. నాయనమ్మ ఇదేంది అన్నది. నాయనమ్మ నోటికి మేమందరం భయపడేది. కోదాడ మాట, కోదాడ కూర, అన్నిట్లకెల్లి వంక తీసేది. ఇగ కోదాడ ఊలని తెలిస్తే చచ్చేదాంక అదే పాట. అమ్మ తల వంచుకొని, దుకాణంలో ఇచ్చిందే అల్లాను అన్నది.

నాయనమ్మ స్వెట్టర్ భుజం మీదేసుకొని, అమ్మను, నన్ను ఎంబడేసుకొని పోయింది. గల్లీ అంత వినేటట్టు తిట్టింది. పెద్దమ్మ స్వెట్టర్ దర్వాజల ఎండకు పట్టి రెండు చేతులూ చూసింది. మా అమ్మ మొఖం చూసింది. ఒక్కసారి తలెత్తి లోపల అల్మర మీదికి చూసింది. ఆ మీద, "నాదే తప్పు అత్తమ్మా. లాట్ నేనే తప్పిచ్చిన. మీ కోడలు మంచిగ అల్లింది" అన్నది.

ఆ మాట గల్లీ దాటిపోయింది. కొందరు వేరే దుకాణానికి మర్రిండ్రు. వచ్చినోళ్లు గూడ, లాట్ సరిగ చూసినవా అక్కా అని నవ్వెటోళ్లు. ఆమె గూడ నవ్వి, ఇంకోసారి దర్వాజ దాంక తెచ్చి చూపిచ్చేది. అమ్మ ఇగ సలాయిలు ముట్టలే. నన్ను మాత్రం నేర్చుకోను పంపింది. నేను పోయినప్పుడల్లా పెద్దమ్మ అడిగేది ఒక్కటే, అమ్మను రమ్మను బిడ్డా అని. ఇంటికొచ్చి చెప్తే అమ్మ పొయ్యి దిక్కు తిరిగేది. నేనేమో, రంగు తప్పిచ్చినందుకు అమ్మకు ఇంకా కోపమనుకున్న. నాయిన ఆ ఇటిక రంగు చేతిని మోచెయ్యి పైకి మడిచిపెట్టి తొడుక్కునేటోడు. తర్వాత మేము మిర్యాలగూడకు మారినం. నాయనమ్మ గూడ పోయింది. ఇగ భయపడనీకి ఎవ్వలున్నరు? అమ్మకు చెప్పాల్నని ఉండేదట. ఇన్నేండ్లకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె అని ఆగేదట.

"అరుపులకు బెదిరి అక్క నిజంగానే తను లాట్ తప్పించాననుకుంది పాపం. ఆ తప్పు మోస్తూనే పోయింది" అని అమ్మ బస్సుల ఏడ్చింది.

మేము పోయేసరికే శవాన్ని ఎత్తిండ్రు. దుకాణంల సగం అల్మరలు ఖాళీ. ఆమె కోడలు మమ్మల్ని కూసోబెట్టి, మీరు మెరూన్ స్వెట్టరోళ్లే గదా అని అడిగింది. స్టూలేసుకొని పై అరల నుంచి ఒక మూట దించింది. ఎవ్వలకూ అమ్మొద్దు, ఆమె వస్తది, వచ్చిననాడు ఇయ్యాలె అని అత్తమ్మ ఎప్పుడూ అంటుండె అన్నది. పేలికల మీద పిన్ను తుప్పు పట్టింది. దానికి గుచ్చిన అరచెయ్యంత ముక్క మా అమ్మ అల్లిందే. మూట విప్పితే ఆ చేతికి పట్టేటన్ని మెరూన్ ఉండలు అట్లనే ఉన్నయి.

మూట ఈడనే ఉండంగ ఆ చెయ్యి ఎక్కడి ఊలుతోటి అల్లిందో ఆమెకు తెల్వదా? అల్మర దిక్కు చూసిననాడే తెలుసు. అంతమంది ముందట ఒక కోడలి పరువు కోసం, ఉన్న ఒక్క గర్వాన్ని ఇడిసిపెట్టింది. ఆ మీద రమ్మను, రమ్మను అని కబురు పంపుకుంటనే ఉన్నది. అమ్మ ఒక ఉండ పట్టుకొని లేచి, దర్వాజ దాంక పోయి ఎండకు పట్టి చూసింది. పెద్దమ్మ కోడలు చాయ్ తెస్తే తాగలే.

నేను ఆ చెయ్యి ఊడదీసి ఈ ఊలుతోటి అల్లిస్త అన్న. అమ్మ వద్దన్నది. ఈ చలికాలం నాయిన అదే స్వెట్టర్ తొడుక్కొని వాకిట్ల నిలబడితే, పాలాయన నవ్వుకుంట, ఒక చెయ్యి వేరే రంగేంది సార్ అని అడిగిండు. నాయిన ఎప్పటి లెక్కనే చెయ్యి మడవబోయిండు. అమ్మ లోపలి నుంచి వచ్చి, "నేనే కోదాడలో తప్పు ఊలు కొన్నాను. దుకాణం ఆమెది తప్పేం లేదు" అన్నది. ఏ దుకాణమో, ఎవరో పాలాయనకేం తెలుసు? పాలు పోసి పోయిండు. అమ్మ నాయిన దగ్గరికి పోయి ఆ మడత విప్పి, ఇటిక రంగు చేతిని మణికట్టు దాంక దించి, అరచేతితోటి సాపు చేసింది.