మల్లిగాడి ఒక్కపొద్దు

మా చిన్నప్పుడు ఆదివారం అంటే పిల్లలందరికీ సంబురం... నన్ను మాత్రం కొన్నాళ్లు ఆదివారాలే ఏడిపించాయి, ఆ సంగతి నేను ఆలస్యంగా గమనించాను.

తెలంగాణ వచ్చిన కొత్తలు. నేను ఆరో తరగతి. ఆలేరు దగ్గర మా ఊళ్లో మాకు గొర్ల మంద ఉండేది. దానికి కావలి మల్లిగాడు, మా కుక్క. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పటి నుంచి నేనే పాలు పట్టి పెంచాను... బడి గేటు దాకా నా వెనకాలే వచ్చేవాడు.

ఒకరోజు దొడ్లో ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయాడు. కాళ్లు కొట్టుకుంటున్నాడు, నోట్లో నురగ... అవ్వ, మా నాన్నమ్మ, లోపలికి ఉరికి తాళంచెవుల గుత్తి తెచ్చి వాడి ముందుకాలి కింద పెట్టింది. మూర్ఛ వస్తే మనుషులకు ఇనుము పట్టిస్తారు కదా, కుక్కకైతే ఏంది అని ఆమె ధీమా. లేచాక మల్లిగాడు నన్నే గుర్తుపట్టలేదు. ఆ రోజు నేను అన్నం తినలేదు.

బాపు పసుల దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ సారు గోలీలు రాసి, "పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. బతికినన్ని రోజులు వెయ్యాలె. మంచిగైందని ఆపొద్దు, ఒక్క పూట గూడ తప్పొద్దు. ఫిట్స్ వచ్చిన రోజు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుర్రి" అన్నాడు.

పొద్దుటి గోలీ నాది. మాపటి గోలీ అవ్వది... జొన్న గటుక ముద్దలో దాచి పెట్టేది. అయినా వారానికో రెండు వారాలకో ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. ఒకసారి మంద మధ్యలోనే పడ్డాడు. గొర్లు బెదిరి రోడ్డెక్కాయి. లారీవాడు బ్రేకు వెయ్యబట్టి బతికాయి.

ఇంటికొచ్చి బాపు మెల్లగా అన్నాడు, "ఇంకొక్కపారి వస్తే దూరం తోలుకపోయి ఇడిసొస్త బిడ్డా. గొర్లు పోతే మనమేం తింటం."

ఇక నాకు నిద్ర ఎక్కడిది... బడిలో ఉన్నా చెవులు ఇంటి వైపే. గిన్నె కిందపడ్డా ఉలిక్కిపడేదాన్ని. ఊరికే పోయి క్యాలెండర్ మీద నేను పెట్టిన ఎర్ర చుక్కలు చూసేదాన్ని. అట్లా చూస్తుంటే ఒక శుక్రవారం నాడు సంగతి తెలిసింది... చుక్కలన్నీ ఆదివారాల మీదే ఉన్నాయి.

"అవ్వా, శనారం మాపు గోలీ ఏస్తున్నవా?"

"శనారం ముద్దేడిది బిడ్డా? గుట్ట నర్సింహసామికి మొక్కిన. వానికి నయం గావాల్నని ఒక్కపొద్దు ఉంటున్నం, నేను, వాడు."

మొక్కు మల్లిగాడి కోసం కాబట్టి మల్లిగాడూ ఉండాలట. మధ్యాహ్నం ఇద్దరూ ఒక్కసారి తిని, మళ్లీ తెల్లారేదాకా మంచినీళ్లే. ముద్ద లేదు కాబట్టి గోలీ లేదు. నాకు ఒళ్లు మండింది. "నీ మొక్కే వాన్ని పడగొడతాంది" అనేశాను. అవ్వ ముఖం చిన్నబోయింది... ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధే.

మర్నాడు శనివారం మాపటికి అవ్వే ముద్ద కలిపింది. గోలీ లోపలికి నొక్కి మల్లిగాడికి తినిపించింది. ఆమె మాత్రం మధ్యాహ్నం కూడా కంచం ముట్టలేదు.

"నువ్వు తినవా?"

"మొక్కు మొక్కే గద బిడ్డా. వాని పొద్దు గూడ నేనే ఉంట."

ఆదివారం తెల్లారకముందే లేచి వాడి పక్కన కూర్చున్నాను. ఎండ వచ్చింది... వాడు ఒళ్లు విరుచుకుని, నా చెయ్యి నాకి, మంద వెనక పోయాడు. బాపు వాణ్ణి చూసి, కర్ర అందుకుని వాడి వెనకే నడిచాడు.

తర్వాత ఫిట్స్ అసలే రాలేదని కాదు... ఎప్పుడో ఏడాదికోసారి. మల్లిగాడు ఇంకో ఆరేండ్లు బతికాడు. ఆ ఆరేండ్లూ అవ్వ శనివారం పూట మంచినీళ్ల మీదే ఉంది.

ఇప్పుడు భువనగిరిలో నా ఉద్యోగం. ఏ గోలీకైనా టైముకు ఫోన్ మోగుతుంది, ఏదీ మరిచిపోయే పని లేదు... వాడూ లేడు, అవ్వా లేదు. శనివారం పొద్దుగూకితే మాత్రం ఇప్పటికీ గుబులే, ఎవరికో ముద్ద పెట్టలేదని.

మీ ఇంట్లో ఎవరన్నా మూగజీవి కోసం పస్తులున్నారా... ఉంటే కింద రాయండి, వాళ్ల పేరుతో సహా.