రెండో సెక్షను కురుమయ్య

మహబూబ్‌నగర్‌లో ఒకప్పుడు ఒక న్యాయకళాశాల ఉండేది. పదేళ్ల పండుగకు అచ్చువేసిన దాని చరిత్రలో స్థాపకులు దశరథరావు గారి ఫొటోలు ఏడున్నాయి. ఆయన గురువుగారివి రెండు. పునాదిరాయి వేసి కట్టడం మరచిపోయిన కొత్త భవనానిది ఒకటి. అప్పటికి పదేళ్లుగా అక్కడ గంట కొడుతున్న చప్రాసి కురుమయ్య పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. నన్నడిగితే ఆ కాలేజీలో చట్టం నేర్చుకొని బాగుపడ్డవాడు అతనొక్కడే. చరిత్ర రాసినవారికి తీరిక లేకపోయింది కనుక ఆ పని నా మీద పడింది.

కురుమయ్యది దేవరకొండ దగ్గర పల్లె. తాతనాటి నుంచి కౌలుకు చేస్తున్న ఆరెకరాల చెలక, అంటే వాన మీద పండే మెట్ట, ఉంది. ఒక ఏడు జొన్న, ఒక ఏడు ఆముదాలు. 1950లో కౌలు చట్టం వచ్చి, నువ్వు రక్షిత కౌలుదారువు, నిన్ను ఎవరూ వెళ్లగొట్టలేరు అని అతని చేతికి ఒక సర్టిఫికెట్ ఇచ్చింది. దాన్ని భూమి సొంతదారైన పట్టాదారు కూడా చూశాడు. "మంచిగుందిర. కాగితం నువ్వు పెట్టుకో, చెలక నాకిడువు" అన్నాడు.

చట్టంలో తన గురించి ఏం రాసి ఉందో తెలుసుకుందామని కురుమయ్య బయలుదేరాడు. నల్లగొండ జిల్లాలో తెలిసిన వకీళ్లందరూ పట్టాదారుకు చుట్టాలో స్నేహితులో అయ్యారు. అందుకని 1955 ఎండాకాలంలో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, వచ్చి దశరథరావు వకీలు ముందు నిలబడ్డాడు. ఆయన ఆ నెలలోనే కాలేజీ తెరుస్తున్నాడు.

"గిది ఒక్క పొద్దుల తెలిసే ముచ్చట కాదు కురుమయ్యా. కాలేజిల గంట కొట్టనీకి మనిషి కావాలె. ఈడనే ఉండు. చట్టం దానంతటదే నీ చెవుల పడ్తది" అన్నాడు దశరథరావు.

ఊరికి పోయి భార్య హనుమమ్మకు ఆ మాటే చెప్పాడు. ఆమె జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. "చెలక నేను చూసుకుంట. జల్ది నేర్చుకొని రా" అంది. ఆమె లెక్క ప్రకారం అది ఒక నెల పని.

కాలేజీ అంటే కిరాయికి తీసుకున్న పాత ఆముదం గోదాము. ఎండ ముదిరితే గోడలు జిడ్డు కక్కేవి. పొద్దున ఏడు నుంచి పది దాకా పాఠాలు, ఎందుకంటే పాఠాలు చెప్పేవాళ్లంతా పదిన్నరకు కోర్టులో ఉండవలసిన వకీళ్లు. వాళ్లు చదువుకున్నది ఉర్దూలో, చెప్పవలసింది ఇంగ్లీషులో, వినేవాళ్లకు అర్థమయ్యేది తెలుగులో. ఇంగ్లీషు నోట్సు ఉర్దూ అక్షరాలతో రాసుకొచ్చి, చదివి, తెలుగులో విడమరచి, మధ్యలో గడియారం చూసుకొని పరుగెత్తేవారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత ఎక్కడో పుట్టి ఇక్కడ కాపురం పెట్టింది.

కేసులు పెరిగిన వకీలు పాఠం మానేసేవాడు. కొత్తవాడు వచ్చేవాడు. పాతాయన ఎక్కడిదాకా చెప్పాడో తెలియదు కనుక మళ్లీ మొదలు పెట్టేవాడు. కౌలు చట్టం మొదట్లో ఉండేది రెండో సెక్షను, అంటే ఏ మాటకు ఏమి అర్థమో చెప్పే నిర్వచనాలు. పదకొండేళ్లలో పందొమ్మిది మంది వకీళ్లు వచ్చారు. పందొమ్మిది మందీ నిర్వచనాల్లో దిగారు, సగానికి సగం మంది అక్కడే మునిగారు. తలుపు బయట స్టూలు మీద కూర్చున్న కురుమయ్యకు ఆ సెక్షను కంఠతా వచ్చింది. పిల్లలు అతన్ని రెండో సెక్షను కురుమయ్య అని ఏడిపించేవారు. అతను నవ్వి గంట కొట్టేవాడు.

మూడో సెక్షను నుంచి ఏముందో అతనికి తెలియదు. ప్రతి దసరాకు ఇంటికి పోయే ముందు దశరథరావును అడిగేవాడు. "సారూ, నా చెలక సంగతి ఏమన్న తేలిందా?"

"పుస్తకం రాస్తున్నగద! నీ అసొంటోళ్ల కోసమే అది. జర ఓపిక పట్టు."

ఓపిక పట్టాడు. కౌలు చట్టం మీద ఆ పుస్తకం 1964లో వచ్చింది. ఆరువందల పేజీలు, ఇంగ్లీషు. ప్రూఫుల కట్టలు హైదరాబాదు ప్రెస్సుకూ పాలమూరుకూ మోసింది కురుమయ్యే. ముందుమాటలో గురువుగారికి, ప్రెస్సు యజమానికి, వేళకు మజ్జిగ ఇచ్చిన అత్తగారికి కూడా కృతజ్ఞతలు ఉన్నాయి.

మరో రెండేళ్లకు, 1966లో, కాలేజీ చిరునామాకు ఒక తహసీలు నోటీసు వచ్చింది. కాలేజీ టపా తెరిచి పంచడం చప్రాసి పని. కురుమయ్య తన నోటీసును తానే అందుకొని తానే సంతకం పెట్టాడు. కౌలుదారు భూమిని వదిలేసి పట్నంలో నౌకరీలో చేరాడు, కాబట్టి చెలక నాకు ఇప్పించండి అని పట్టాదారు దరఖాస్తు. అతని వకీలు జంగయ్య ఆ కాలేజీ మొదటి జట్టు విద్యార్థి. జంగయ్య నిద్ర లేవని పొద్దుల్లో అతని బదులు గొంతు మార్చి హాజరు పలికింది కురుమయ్యే. దరఖాస్తుకు ఆధారంగా జంగయ్య చూపించింది దశరథరావు గారి పుస్తకం, రెండువందల పద్నాలుగో పేజీ.

కురుమయ్య ఆ పేజీ ఒక పిల్లవాడితో చదివించుకున్నాడు. "కౌలుదారు భూమిని విడిచి పట్టణంలో ఉద్యోగం చేసినచో హక్కు పోవును. ఉదాహరణ: దేవరకొండ తాలూకాకు చెందిన కె. అనువాడు ఒక కళాశాలలో జవానుగా చేరెను." ఆ పేజీ రాసేటప్పుడు పండితుడికి ఉదాహరణ కావలసివచ్చింది. తలెత్తి చూస్తే ఎదురుగా చాయ్ పట్టుకొని నిలబడి ఉంది. కంచే చేను మేయడమంటే ఇదే.

కురుమయ్య ఆ పుస్తకం పట్టుకొని దశరథరావు దగ్గరికి పోయాడు. "సారూ, ఉండుమన్నది మీరేగద! గీ ఒక్క మాట తప్పని తహసీల్దారుకు చెప్పుండ్రి. నా చెలక పోతది."

దశరథరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. "చప్రాసి కోసం అభిప్రాయం మార్చుకుంటే నన్ను పండితుడంటరా కురుమయ్యా? రెండో ముద్రణల చూద్దాం" అన్నాడు.

అప్పుడు కురుమయ్యకు పదకొండేళ్ల కోపం ఒక్కసారి వచ్చింది. కానీ ఏం చేస్తాడు, పదయ్యింది, గంట కొట్టాడు.

విచారణ దేవరకొండ తహసీలులో జరిగింది. జంగయ్య పేజీ చదివి, రచయిత తన గురువని చెప్పి, గర్వంగా కూర్చున్నాడు. తహసీల్దారు పెద్దమనిషి. "నువ్వేమంటవు?" అని కురుమయ్యను అడిగాడు.

కురుమయ్య చేతులు కట్టుకొని, కళ్లు మూసుకొని, పందొమ్మిది మంది వకీళ్లు చెప్పిన తీరునే అప్పజెప్పాడు. "రెండో సెక్షను సారూ. స్వయంగా సాగుచేయుట అనగా తన శ్రమతో గాని, తన కుటుంబంలోని వారి శ్రమతో గాని సాగుచేయుట. నేను పోయిన, నా పెండ్లాం పోలె."

తహసీల్దారు చట్టం తెరిచి చూశాడు. మాట మాటా అలాగే ఉంది. ఆరువందల పేజీలు రాసినాయన నిర్వచనాల వైపు చూడలేదు. అవి మొదటి ఏడాది పిల్లల పాఠం కదా మరి.

జంగయ్య లేచాడు. "ఆడోళ్లు నాగలి పడ్తరా సారూ? ఏ ఊర్లనన్న ఉన్నదా? ఉత్త మాట. సాక్ష్యమేది?"

కురుమయ్య వెంట వచ్చి వెనక నిలబడ్డ హనుమమ్మ కొంగుముడి విప్పి మూడు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఆమెకు కూలికి నాగలి కట్టవద్దని పట్టాదారు ఊరంతటికీ చెప్పాడు. ఎవరూ రాకపోతే ఆమే కట్టింది. ఆడది నాగలి ముట్టుకుంటే వానలు పడవని ఊళ్లో నమ్మకం. చినుకు ఆలస్యమైనప్పుడల్లా ఆమెను పంచాయితీకి పిలిచి మాఫీనామా, అంటే తప్పయిందనే కాగితం, రాయించుకునేవారు. ఫలానా నంబరు చెలకలో నాగలి పట్టి దున్నిన మాట నిజమే, ఇకముందు పట్టను అని. ఆమె వేలిముద్ర వేసి ఒక ప్రతి తెచ్చుకునేది. 1959, 1961, 1964. మూడింటి కిందా పెద్దమనిషిగా పట్టాదారు సంతకం ఉంది.

"ఇకముందు పట్టనని రాసిచ్చింది సారూ! అంటే సాగు ఆపినట్టే!" అని జంగయ్య ఎగిరాడు.

"ఆపితే మల్ల రెండు తూర్లెందుకు పిలిచిన్రు?" అంది హనుమమ్మ. "వేలుముద్ర ఏసిన, తెల్లారి నాగలి కట్టిన. నిరుడు గూడ కట్టిన. వానల్లేవు, వానల్లేవు అన్నరు. పడ్డయిగా?"

తహసీల్దారు పట్టాదారును చూశాడు. "ఈ సంతకం మీదేనా?" పట్టాదారు కాదనలేక జంగయ్యను చూశాడు, జంగయ్య పుస్తకాన్ని చూశాడు. పుస్తకంలో నాగలి గురించి ఏమీ లేదు. చెలక కురుమయ్యకే ఉండాలని ఆ వారంలోనే ఆర్డరు వచ్చింది.

కొన్నాళ్లకు పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. అందులో కుటుంబ శ్రమ గురించి నాలుగు కొత్త పేజీలున్నాయి, రచయిత చాలాకాలంగా ఆలోచిస్తున్న విషయమట.

కురుమయ్య నౌకరీ మానేసి ఇంటికి వచ్చాడు. తొలకరి పడ్డ మర్నాడు హనుమమ్మ ఎడ్లను కట్టింది. అతను గట్టు మీద కూర్చున్నాడు.

"పదకొండేండ్లల ఏం నేర్చుకున్నవయ్యా?" అని అడిగింది.

"నువ్వు దున్నితే నేను దున్నినట్టేనని."

ఆమె ఎడ్లను ఆపింది. నాగలి మేడి వదిలిపెట్టి వచ్చి అతని పక్కన కూర్చుంది.

"గట్లనా. అయితే ఇగ నువ్వు దున్ను. నేను దున్నినట్టే అనుకుంట" అంది.