మేత ఆపిన కొలను

మేత ఆపి తొమ్మిది రోజులైంది. అయినా కొలనులో చేప మలం కనబడుతూనే ఉంది.

కినుయో చిన్న వలతో దాన్ని పైకి తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది. ఖాళీ కడుపుతో ఉన్న చేప వేసేది తెల్లగా, సన్నటి దారంలా ఉంటుంది. ఇది లావుగా ఉంది. నలిపితే పిండిలా విడిపోయింది.

"ఎవరో పెడుతున్నారు," అంది పైకే. వినడానికి ఎవరూ లేరు. ఇంటి వెనక కొండ ఉంది. కొండ మీద మబ్బు ఉంది.

కొలను సరిగ్గా వంటింటి కిటికీ కిందే ఉంది. మనిషి మెడలోతు. అక్టోబరు చివర్లో నీళ్లు పది డిగ్రీలకు దిగగానే మేత ఆపాలి. రెండు వారాలు ఆగాలి. చేప కడుపు పూర్తిగా ఖాళీ అయ్యాక దూలాలు పరిచి, పలకలు కప్పి, మంచు కింద వదిలెయ్యాలి. నీళ్లు ఐదు డిగ్రీలకు దిగితే చేపకు అరుగుదల ఉండదు. కడుపులో మిగిలింది కుళ్లుతుంది. ఏప్రిల్లో పలకలు తీసేసరికి వెల్లకిలా తేలుతూ కనబడుతుంది. ఆ లోయలో ఇది తెలియనివాళ్లు లేరు. తెలిసే పెడతారు. ఆమె బాధ అదే.

పోయిన చలికాలం రెండు చేపలు అలాగే పోయాయి. మిగిలింది ఒక్కటి.

ఆమె భర్త తమోత్సు వసారా అంచున కూర్చుని, తాళ్లకు కట్టి ఎండబెట్టడానికి టమాటాల్లాంటి కాకీ పళ్లు చెక్కు తీస్తున్నాడు. పన్ను కట్టినంత శ్రద్ధగా, ఒకే తొక్క తెగకుండా వచ్చేలా తీస్తున్నాడు. ముప్పై ఏళ్లు మంచు తోసే బండి నడిపి లోయంతటికీ దారి తీసిన మనిషి. ఇప్పుడు తీసేది ఇదే.

"ఏమయ్యా, డబ్బాలో బియ్యపు బిస్కెట్లు ఎన్నున్నాయి?"

"నేనేమైనా లెక్కపెట్టానా?"

"నేను పెట్టాను. మొన్న పద్నాలుగు. ఇవాళ తొమ్మిది."

"తిన్నాను."

"నువ్వు తిన్నావా, నీ నేస్తం తిన్నదా?"

తమోత్సు కత్తి ఆపాడు. "ఒకటి. మొదటిరోజు, ఒక్కటే ఒక్కటి. ఐదు నెలలు నోట్లో ఏమీ పడదు కదే దానికి. మళ్లీ కలుద్దామని చెప్పినట్టు..."

"పోయినేడు కూడా అలాగే చెప్పావు. రెండింటికీ చెప్పావు. మళ్లీ కలిశావా?"

తొక్క తెగి కిందపడింది. తమోత్సు తల దించుకున్నాడు. ఆ మాట కినుయో ఏప్రిల్ నుంచి అంటూనే ఉంది. అన్న ప్రతిసారీ అతను అలాగే తల దించుకుంటాడు. ఎదురు చెప్పి ఉంటే ఆమె ఎప్పుడో మానేసి ఉండేది.

కినుయో ముప్పై ఆరేళ్లు రంగుచేపల పెంపకం వాళ్ల దగ్గర చేపపిల్లలు ఏరే పని చేసింది. జూన్ వచ్చిందంటే ఆడవాళ్లు వరసగా పీటల మీద కూర్చుంటారు. ముందు తెల్లటి గిన్నె, గిన్నెలో వేలి కణుపంత చేపపిల్లలు, చేతిలో గరిటెంత వల. వందలో ఐదింటిని ఉంచుతారు. మిగిలినవి పక్క తొట్టిలోకి. ఆ తొట్టి సాయంత్రం ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు. రంగు చూడాలి, నడుం చూడాలి, నోరు చూడాలి, ఒక్క చూపులో తేల్చెయ్యాలి. కినుయో అందరికంటే వేగంగా తేల్చేది. "ఆవిడ చెయ్యి కత్తి," అనేవాళ్లు. అది మెచ్చుకోలో కాదో ఆమె ఎప్పుడూ కనుక్కోలేదు.

ఒక వేసవిలో ఒకటి వచ్చింది. ఒళ్లంతా తెలుపు, తల మీద ఒకే ఎర్రమచ్చ. నడినెత్తిన గుండ్రంగా కుదిరి ఉంటే యజమాని దాన్ని ఊరంతా చూపించుకునేవాడు. మచ్చ జారి ఎడమ కంటి మీద పడింది. కినుయో పక్క తొట్టిలో వేసింది. అది ఎగిరి గిన్నెలో పడింది. మళ్లీ వేసింది. మళ్లీ ఎగిరింది. మూడోసారి దాన్ని తన అన్నం డబ్బాలో నీళ్లు పోసి వేసుకుని ఇంటికి తెచ్చింది. ఎందుకని తమోత్సు అడిగితే, "ఊరికే," అంది. దానికి పేరంటూ పెట్టలేదు. వంకరది అంటారు. అది వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. ఇప్పుడు చేయంత పొడవుంది.

బుధవారం మధ్యాహ్నం పక్కింటి షిగెహారు దూలాలు మోయడానికి వచ్చాడు. ఏటా వస్తాడు. ఏటా నడుం నొప్పి అంటాడు.

"ఏంటి కినుయోసాన్, ఇంకా మూత వెయ్యలేదు? శనివారం మంచు పడుతుందని టీవీలో చెప్పారు. ఈసారి పెందలాడే వస్తోంది."

"దాని కడుపు ఖాళీ అవ్వలేదు."

"ఆపరేషన్‌కి ముందు నాకూ ఇలాగే చేశారు. ఒక పూట మాడ్చారు. నువ్వు రెండు వారాలు మాడుస్తున్నావు."

కినుయో అతని కోటు జేబు వైపు చూసింది. జేబు ఉబ్బెత్తుగా ఉంది.

"ఏముంది అందులో?"

"బ్రెడ్డు అంచులు. నా కోసమే."

"ఆ గట్టి అంచులు నమలడానికి మీకు పళ్లేవి?"

"చేపకు మాత్రం ఉన్నాయా ఏంటి?"

"దానికి గొంతులో ఉన్నాయి. మీకు అక్కడా లేవు. ఎన్నిసార్లు వేశారు?"

షిగెహారు దూలం కింద పెట్టి నడుం పట్టుకున్నాడు. "ఒక్కసారి. పోయిన ఆదివారం. అది నన్నే చూస్తూ నోరు తెరిచింది, నేనేం చెయ్యను?"

"అందరూ ఒక్కసారే! ఒక్కొక్కళ్లూ ఒక్కసారే! దానికి మాత్రం రోజూ భోజనమే!"

ఆమె గొంతుకు షిగెహారు వెనక్కి జరిగాడు. వసారాలో తమోత్సు కాకీ పళ్లు తాళ్లకు కడుతున్నవాడల్లా, తన పేరు రాలేదని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక బిస్కెట్టు, ఒక పిడికెడు బ్రెడ్డు. తొమ్మిది రోజుల మలానికి అవి చాలవు. ముప్పై ఆరేళ్లు ఒక్క చూపులో తేల్చిన మనిషికి ఇది తేలడం లేదు. ఒళ్లు మండిపోతోంది.

మర్నాడు పొద్దున్న ముల్లంగి పీకడానికి పోతున్నానని చెప్పి, బుట్ట పట్టుకుని బయటికి నడిచింది. కట్టెల పేర్పు వెనక్కి తిరిగి వచ్చి నిలబడింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. కొలనులో చేప లోతున, కదలకుండా ఉంది.

లోపల గంట మోగింది. అత్తగారు తోకు బుద్ధుడి గూటి ముందు కూర్చుని రోజూ మోగించే గంటే. మామగారి ఫోటో ముందు అన్నం పెట్టడం, గంట కొట్టడం, కాసేపు పెదవులు కదపడం, అన్నం దించడం. నలభై ఏళ్లుగా కినుయో ఆ చప్పుడు వింటూనే ఉంది, ఇక చెవికి ఆననంతగా.

చేపకు ఆనింది. లోతు నుంచి మెల్లగా లేచి, వంటింటి కిటికీ కిందకి వచ్చి, నోరు పైకి పెట్టి ఆగింది.

కిటికీ తెరుచుకుంది. తొంభై ఏళ్ల చెయ్యి ఇత్తడి గిన్నెను బోర్లించింది. అన్నం ముద్దగా నీళ్లలో పడింది.

"అత్తయ్యా!"

గిన్నె కొలనులో పడిపోబోయి ఆగింది. తోకు తొంగి చూసి, కోడలిని కట్టెల వెనక చూసి, "ముల్లంగి అక్కడ లేదు కదే," అంది.

"దానికి మేత ఆపామని చెప్పానా లేదా? గోడ మీద కాగితం కూడా అంటించానే, ఇంత ఇంత అక్షరాలతో!"

"నేను మేత వెయ్యలేదే. అది మీ మావయ్య అన్నం."

"చేప పొట్టకు ఆ తేడా తెలుసా?"

"పారేస్తామా మరి? ఆయనకు పెట్టింది పారెయ్యకూడదు. ఎప్పుడూ నేనే తినేదాన్ని. ఈ కొత్త పళ్లు పెట్టినప్పటి నుంచి చల్లటి అన్నం నమలలేకపోతున్నాను. మెతుకులు పలుకుల్లా తగులుతున్నాయి."

"నాకు చెప్పొచ్చు కదా!"

"ఊదొత్తి వాసనేసే గట్టి అన్నం తినమని కోడలికి ఎలా చెప్పను? వాడికి ఇద్దామంటే నువ్వు పొద్దున్నే వాడి మీద అరుస్తూ ఉంటావు."

కినుయో నీళ్లలో ముద్దను వలతో తోడింది. సగం అప్పటికే పోయింది. చేప ఇంకా నోరు తెరిచే ఉంది.

"ఆ పళ్లు పెట్టించి ఎన్నాళ్లయింది?"

తోకు కిటికీ చట్రం పట్టుకుని ఆలోచించింది. "పోయినేడు. శరదృతువులో."

రెండు చేపలు పోయింది ఆ చలికాలమే. తోకు ముఖం చూస్తే ఆమెకూ ఇప్పుడే లెక్క కలిసినట్టుంది. గిన్నెను రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా కిటికీ మూసింది.

కినుయో వసారాలోకి వచ్చింది. తమోత్సు మూడో తాడు వేలాడదీస్తున్నాడు.

"బిస్కెట్ల వల్ల కాదు," అంది.

"ఏది?"

"ఇప్పుడు కాదు. పోయినేడు కూడా కాదు."

"మరి?"

"అన్నం."

అతను వంటింటి వైపు చూశాడు. మూసిన కిటికీ చూశాడు. కినుయో ఇంకో మాట చెప్పాలనుకుంది. ఆ మాట ఆమెకు అలవాటు లేదు.

"అలా నిలబడ్డావేం? శనివారం మంచు. దాని పొట్ట నిండా ఉంది. ఏం చెయ్యాలో చెప్పు," అని గట్టిగా అంది.

"బావి మోటారు వేద్దాం," అన్నాడు తమోత్సు.

వాకిట్లో పడ్డ మంచును నీళ్లు చిమ్మి కరిగించే బావి అది. ఎండాకాలమైనా చలికాలమైనా దాని నీళ్లు పదమూడు డిగ్రీలు. సన్నటి ధారగా కొలనులోకి వదిలితే పది డిగ్రీల దగ్గర నిలపవచ్చు. నిలిపితే అరుగుతుంది. అరిగేదాకా మూత వెయ్యడానికి లేదు. మూత లేకపోతే మంచు నేరుగా నీళ్లలో పడుతుంది. అందుకని కొలను మీద వల పరిచి, వల మీద పడ్డ మంచును ఎవరో ఒకరు నిలబడి తుడవాలి.

తమోత్సు తుడిచాడు. శనివారం నుంచి మొదలుపెట్టి, రోజుకు నాలుగుసార్లు, టోపీ మీద మంచుతో, పొడుగు చీపురు పట్టుకుని. మోటారు నీళ్లన్నీ కొలనుకే పోవడంతో వాకిట్లో మంచు మోకాలి దాకా పేరుకుంది. షిగెహారు ఆ మంచులో ఈదుకుంటూ వచ్చి చూశాడు.

"మనుషులకు బాట లేదు, చేపకు వేన్నీళ్ల స్నానమా? తువ్వాలు కూడా కప్పండి."

"మీరు జేబులు చూపించి లోపలికి రండి," అంది కినుయో.

నీళ్లలో దారానికి కట్టిన థర్మామీటరును ఆమె పైకి తీసి చూడటం, పది, మళ్లీ దించడం. తొమ్మిదిన్నర. ధార పెంచడం. పది. రోజంతా ఇదే. ఇదంతా ఒక గిన్నెడు అన్నం గురించి. నోరు తెరిచి చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో పోయేదాని గురించి.

ఆ అన్నం ఇప్పుడు ఆమే తింటోంది. గంట మోగుతుంది. తోకు ఇత్తడి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంటుంది, తింటోందో లేదో చూడటానికి. అన్నం గట్టిగా, చల్లగా, ఊదొత్తి వాసన వేస్తూ ఉంటుంది. గొంతు దిగదు. కినుయో ముల్లంగి ఊరగాయ కొరుక్కుంటూ మింగుతుంది. గంట మోగగానే కిటికీ బయట చేప కూడా పైకి వస్తుంది. రెండు మూడు రోజులు వచ్చి నోరు తెరిచింది. తర్వాత రావడం తగ్గించింది.

పదో రోజు పొద్దున్న తమోత్సు బయట నుంచి పిలిచాడు. చీపురు వదిలేసి, చిన్న వల చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. వలలో చిన్న తెల్లటి దారం. కినుయో వేళ్ల మధ్య పెట్టి నలిపింది. ఏమీ లేదు. నీళ్లే.

"చాలు," అంది.

మోటారు కట్టేశారు. రెండు రోజులు నీళ్లను మెల్లగా చల్లబడనిచ్చారు. ఆరు డిగ్రీలకు వచ్చాక దూలాలు పరిచారు. ఒక్కో పలకా వేస్తుంటే నీళ్ల మీద వెలుతురు సన్నబడింది. వంకరది అడుగున, లోతు మూలలో, రెక్కలు ముడుచుకుని ఉంది. ఎర్రమచ్చ కాసేపు కనబడింది. గాలి ఆడటానికి ఒక పక్క జానెడు సందు వదిలి, చివరి పలక తమోత్సు వేశాడు. దాని మీద ఒకసారి చేత్తో తట్టాడు. ఈసారి కినుయో ఏమీ అనలేదు.

తోకు కిటికీలోంచి అంతా చూసింది.

"ఇక ఏప్రిల్ దాకా దానికి ఏమీ లేనట్టేనా?"

"లేనట్టే."

"నీ మనసు రాయే."

"ఆ రాయే దాన్ని ముప్పై ఒక్క ఏళ్లు బతికించింది అత్తయ్యా. రేపటి నుంచి గిన్నెలో కొంచెం తక్కువ పెట్టండి. మావయ్యకు అంత ఆకలి ఉండదు."

"నీకేం తెలుసు? ఆయనకు ఎప్పుడూ ఆకలే."

మర్నాడు గంట మోగింది. గిన్నెలో అన్నం ఎప్పటిలాగే గోపురంలా ఉంది. కినుయో కిటికీ బయట చూసింది. పలకల మీద మంచు అప్పుడే పేరుకుంటోంది. కింద ఏమీ కదలలేదు. ఆమె మెత్తబడేలా అన్నం మీద పాలు లేని వేడి టీ పోసుకుని, అత్తగారు చూస్తుండగా, తినడం మొదలుపెట్టింది.